టోనీ లియుంగా, లౌ చింగ్ వానా: కాంటోనీస్ సినిమాలో ఎవరి దారి మేలు?

హాంకాంగ్‌లో ఉత్తమ నటుడి అవార్డు గెలిచిన హీరోని జనం ‘యింగ్ దై’ అంటారు. తెర చక్రవర్తి అని అర్థం. నటసార్వభౌమ, నటసామ్రాట్ లాంటి బిరుదులు వింటూ పెరిగాం కాబట్టి మనకిది వింతగా అనిపించదు. 1982లో మొదలైన హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఆ కిరీటం అందరికంటే ఎక్కువసార్లు దక్కింది టోనీ లియుంగ్ చియు వైకి. ఆరుసార్లు. తర్వాత నాలుగేసిసార్లు గెలిచినవాళ్లు ఇద్దరు: లౌ చింగ్ వాన్, టోనీ లియుంగ్ కా ఫై. చౌ యున్ ఫాట్, ఆండీ లౌ, ఆంథనీ వాంగ్‌లకి మూడేసి ఉన్నాయి.

హాంకాంగ్ జనం మాట్లాడే భాష కాంటోనీస్. ఆ సినిమాలు కొత్తగా చూడటం మొదలుపెట్టిన మిత్రులు నన్ను అడిగేది ఒకటే. వీళ్లలో ఎవరిని పట్టుకుని వెళ్తే మంచిది? చాలాకాలం తడుముకోకుండా టోనీ లియుంగ్ చియు వై పేరు చెప్పేవాణ్ని. ఇప్పుడు లౌ చింగ్ వాన్ అంటున్నాను. ఎందుకు మాట మార్చానో చెప్తాను.

ముందు టోనీ సంగతి. అతనేంటో తెలియడానికి 1990లో వచ్చిన ‘డేస్ ఆఫ్ బీయింగ్ వైల్డ్’ చివరి మూడు నిమిషాలు చాలు. సినిమా అంతా హీరో లెస్లీ చెయుంగ్‌ది, ఆ ఏటి ఉత్తమ నటుడి అవార్డు కూడా అతనికే వచ్చింది. అంతా అయిపోయాక, అప్పటిదాకా కథలో లేని మనిషి ఒకడు కనిపిస్తాడు. కప్పు నెత్తికి తగిలేంత ఇరుకు గది. మంచం మీద కూర్చుని గోళ్లు అరగదీసుకుంటుంటాడు. లేచి కోటు వేసుకుంటాడు. నోట్ల కట్ట, పేకముక్కలు, మడిచిన రుమాలు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్తాయి. తాపీగా తల దువ్వుకుంటాడు. లైటు ఆర్పి వెళ్లిపోతాడు. నోట ఒక్క మాట లేదు. రెండో భాగానికి ఎత్తుగడగా తీసిన సీను అది, ఆ రెండో భాగం ఎప్పటికీ రాలేదు. వాడెవడో మనకి తెలీదు. అయినా ఆ రాత్రి వాడు ఎక్కడికి వెళ్తున్నాడో వెనకాలే వెళ్లి చూడాలనిపిస్తుంది. దువ్వెన పట్టుకున్న తీరులోనే ఒక జీవితం మొత్తం కనిపించేలా చేయగల నటులు ఏ భాషలోనైనా తక్కువే.

2000లో ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’కి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు అయ్యాడు. ఆ అవార్డు అందుకున్న మొదటి హాంకాంగ్ నటుడు అతనే. 2023లో వెనిస్ చిత్రోత్సవం వాళ్లు జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చారు. అంతకుముందే అతను నటించిన మూడు సినిమాలు అదే వెనిస్‌లో ఉత్తమ చిత్రాలుగా నిలిచాయి: 1989లో ‘ఎ సిటీ ఆఫ్ శాడ్‌నెస్’, 1995లో ‘సైక్లో’, 2007లో ‘లస్ట్, కాషన్’.

నా ఆలోచన మారింది ఈ మూడు పేర్ల దగ్గరే. మూడూ గొప్ప సినిమాలే, కానీ ఒక్కటీ కాంటోనీస్ సినిమా కాదు. మొదటిది తైవాన్‌ది. అక్కడి భాష టోనీకి రాదు, అందుకే పాత్రని చెవిటి మూగ ఫోటోగ్రాఫర్‌గా చేశారు. రెండోది వియత్నాం కథ. అందులో అతను రౌడీ ముఠా నడిపే కవి, పెదవి విప్పేది బహు తక్కువ. మూడోది చైనా అధికార భాష మాండరిన్‌లో తీసింది, అది అతను పుట్టి పెరిగిన ఊరి భాష కాదు. అంటే ఇల్లు దాటిన ప్రతిసారీ టోనీ తన మాటని గుమ్మంలో వదిలేసి వెళ్లాల్సి వచ్చింది. ఆ లోటుని కళ్లతో పూడ్చుకున్నాడు. లోకం ఆ కళ్లకి దండం పెట్టింది.

అలాగని టోనీకి మాట చేతకాదంటే పాపం చుట్టుకుంటుంది. ఉత్తమ నటుడిగా అతని మొదటి హాంకాంగ్ అవార్డు 1995లో ‘చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్’కి వచ్చింది. అందులో ప్రియురాలు వదిలేసి వెళ్లిన కానిస్టేబుల్ ఇంట్లో ఒంటరిగా సబ్బుతో మాట్లాడతాడు. ఎంత చిక్కిపోయావంటూ అరిగిపోయిన సబ్బుని ఓదారుస్తాడు. నీళ్లు కారుతున్న తడిగుడ్డని ఏడవకని బతిమాలుతాడు. ఆ సీన్లో గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! కాకపోతే టోనీ పేరు చెప్పగానే బయటి ప్రపంచానికి గుర్తొచ్చేది ఆ గొంతు కాదు, ఆ చూపు.

లౌ చింగ్ వాన్‌ది పూర్తిగా వేరే దారి. హాంకాంగ్ టీవీ ఛానెల్ టీవీబీ శిక్షణ తరగతుల్లోంచి వచ్చినవాడే, టోనీలాగే. కానీ నల్లటి రంగు, దళసరి పెదవులు, మోటు విగ్రహం. అప్పట్లో అక్కడి హీరోలకి ఉండాల్సిందనుకున్న నాజూకు అతనిలో మచ్చుకైనా లేదు. 1993లో ‘సే లా వీ, మాన్ షెరీ’లో బతుకు గడవని సంగీతకారుడిగా జనం మనసులో చోటు సంపాదించాడు. తర్వాత దర్శకులు జానీ టో, వై కా ఫై కలిసి 1996లో పెట్టిన మిల్కీవే ఇమేజ్ సంస్థకి దాదాపు ఇంటి మనిషి అయిపోయాడు. ఫైర్‌మన్, పోలీసు, కిరాయి గూండా, బేరాలాడే ఇన్‌స్పెక్టర్. ఏది వేసినా పక్క వీధిలో ఎదురుపడే మనిషిలాగే ఉంటాడు.

అవార్డు మాత్రం ఊరించి ఊరించి వచ్చింది. 1999లో ‘రన్నింగ్ అవుట్ ఆఫ్ టైమ్’లో ఇద్దరు హీరోలు. క్యాన్సర్‌తో రోజులు లెక్కపెట్టుకుంటున్న దొంగ ఆండీ లౌ, వాడి వెంటపడే పోలీసు లౌ చింగ్ వాన్. ఉత్తమ నటుడు ఆండీ లౌ అయ్యాడు. టోనీ ఐదో అవార్డు 2005లో అందుకున్నాడు. అప్పటికి లౌ చింగ్ వాన్ ఖాతాలో ఒక్కటీ లేదు. 2007లో, 43 ఏళ్ల వయసులో, ‘మై నేమ్ ఈజ్ ఫేమ్’కి దక్కింది. ఆ సినిమాలో అతని పాత్ర ఏంటో తెలుసా? ఒకప్పుడు బాగా పైకొస్తాడనిపించుకుని, తన తలబిరుసుతో అవకాశాలు పోగొట్టుకుని, చిల్లర వేషాలకి దిగిపోయిన నటుడు. ఎక్స్‌ట్రా వేషాలేసే అమ్మాయికి నటన నేర్పుతూ తనూ మళ్లీ మనిషవుతాడు. అన్నేళ్లు ఎదురుచూసినవాడికి ఆ వేషానికే అవార్డు రావడం తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

అక్కణ్నుంచి ‘ఓవర్‌హర్డ్ 3’కి 2015లో, ‘డిటెక్టివ్ వర్సెస్ స్లూత్స్’కి 2023లో, ‘పాపా’కి 2025లో గెలిచాడు. నాలుగులో మూడు యాభై దాటాక వచ్చినవే. టోనీకి యాభై దాటాక వచ్చింది ఒక్కటే, 2024లో ‘ద గోల్డ్‌ఫింగర్’కి.

ఆ ‘పాపా’ గురించి కొంచెం చెప్పాలి. నిజంగా జరిగిన ఘోరం ఆధారంగా తీసిన సినిమా. చిన్న టిఫిన్ హోటల్ నడుపుకునే తండ్రి. కొడుకు తల్లినీ చెల్లినీ చంపేశాడు. ఇక ఈ లోకంలో ఆ తండ్రికి మిగిలింది ఎవరు? ఆ కొడుకే. వాణ్ని చూడటానికి వెళ్తూనే ఉంటాడు. మన సినిమాల్లో అయితే ఈ తండ్రికి కనీసం రెండు పెద్ద ఏడుపు సీన్లు రాసేవాళ్లు. లౌ చింగ్ వాన్ ఆ దుఃఖాన్ని మింగేసి రోజూ హోటల్ పనిలో పడతాడు. మనకే ఊపిరాడదు.

అదే మనిషి 2007 నాటి ‘మ్యాడ్ డిటెక్టివ్’లో ఎలా మొదలవుతాడో చూడండి. సూట్‌కేసులో ముడుచుకుని పడుకుని జిప్పు వేయించుకుంటాడు, మెట్ల మీంచి దొర్లించమంటాడు. కింద తెరవగానే బయటికొచ్చి హంతకుడెవరో చెప్పేస్తాడు. రిటైరవుతున్న పై అధికారికి కానుకగా తన చెవి కోసి ఇస్తాడు. చదివితే పిచ్చి సినిమా అనిపిస్తుంది. చూస్తుంటే మాత్రం ఆ పిచ్చివాడి మాటే నిజమని నమ్మేస్తాం.

ఇక అసలు విషయం. మనం ఈ సినిమాలు చూసేది సబ్‌టైటిల్స్‌తో. కాంటోనీస్‌లో వాక్యం చివర తగిలించే చిన్న చిన్న మాటలు బోలెడు ఉన్నాయి: లా, లో, గే, వో. మనం ‘రాడు’ అన్నదాన్ని ‘రాడులే’, ‘రాడుగా’, ‘రాడట’ అని తిప్పినట్టే వాళ్లూ తిప్పుతారు. మన ‘ట’ చేసే పని, అంటే ఎవరో చెప్పగా విన్నానని తెలపడం, అక్కడ ‘వో’ చేస్తుంది. సబ్‌టైటిల్లో వీటన్నిటికీ కలిపి మిగిలేది ‘అతను రాడు’. విసుగు, ఎత్తిపొడుపు, చనువు అన్నీ ఎగిరిపోతాయి. లౌ చింగ్ వాన్ నటనలో సగం ఆ చివరి అక్షరాల్లోనే ఉంటుంది. ‘ఓవర్‌హర్డ్ 3’లో అతను హాంకాంగ్ శివారు పల్లెల్లో పొలాల హక్కులు చేజిక్కించుకునే ముఠా మనిషి. భూముల రేట్లు మండిపోయే ఊళ్లలో బతికే మనకి ఆ బేరాలు, బెదిరింపులు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వాటి మధ్య అతను ఒకే మాటని ఒకసారి ప్రేమగా, ఇంకోసారి కత్తిలా ఎలా వాడతాడో భాష రాకపోయినా చెవికి తెలుస్తుంది.

టోనీ కళ్లకి సబ్‌టైటిల్ అవసరం లేదు. అందుకే బయట కూర్చుని మార్కులు వేసేవాళ్లం తెలియకుండానే అతనికి నాలుగు మార్కులు ఎక్కువ వేస్తాం. గోదావరి యాసలో ఒక పాత్ర ఒలకబోసే వెటకారం హిందీ డబ్బింగ్‌లో ఏమవుతుందో తెలిసిన మనమే కాంటోనీస్ దగ్గర ఆ పొరపాటు చేస్తే ఎలా?

ఈ మాటకి పెద్ద టోనీయే సాక్షి. హాంకాంగ్‌లో కా ఫైని పెద్ద టోనీ అనీ, చియు వైని చిన్న టోనీ అనీ పిలుస్తారు. పెద్ద టోనీ 1984లో తన తొలి సినిమాల్లో ఒకదానికే ఉత్తమ నటుడు అయ్యాడు. కానీ ఆ సినిమా చైనాలో తీశారని తైవాన్ అతన్ని నిషేధించింది. తైవాన్ మార్కెట్ లేని హీరోకి హాంకాంగ్ నిర్మాతలు వేషాలివ్వలేదు. ఉత్తమ నటుడు రోడ్డు పక్కన దుకాణం పెట్టుకుని చేతిపని వస్తువులు అమ్ముకున్నాడు. 1987లో ‘ప్రిజన్ ఆన్ ఫైర్’తో మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఇక 1992 చూడండి. ‘ద లవర్’ అనే ఫ్రెంచ్ దర్శకుడి సినిమాతో లోకమంతా అతన్ని పట్టు సూటు వేసుకున్న ప్రేమికుడిగా చూసింది. సొంత ఊరు మాత్రం అదే ఏడాది వచ్చిన ‘92 లెజెండరీ లా రోజ్ న్వార్’ అనే కామెడీకి అవార్డిచ్చింది. 1960ల నాటి కాంటోనీస్ హీరో లూయీ కేని దించేశాడు అందులో. ఆ పాత సినిమాలు చూసి పెరగనివాళ్లకి అందులో నవ్వు సగం కూడా అందదు. తర్వాత 2006లో ‘ఎలక్షన్’కి, 2013లో ‘కోల్డ్ వార్’కి గెలిచాడు. ‘ఎలక్షన్’లో అతని బిగ్ డీ తన మాట వినని పెద్దల్ని చెక్కపెట్టెల్లో పెట్టి మేకులు కొట్టించి కొండ మీంచి దొర్లిస్తాడు. గొంతు చించుకుని అరిచే ఆ పాత్రని తలచుకుంటే ‘ద లవర్’ చేసింది ఈ మనిషేనా అనిపిస్తుంది.

ఆండీ లౌ లెక్క వేరు. నటుడిగా ఈ ముగ్గురి పక్కన నేను పెట్టను, కానీ పరిశ్రమకి అతను చేసిన మేలు ముగ్గురూ చేయలేదు. 1990ల మొదట్లో ఏడాదికి 200కు పైగా సినిమాలు తీసిన ఊరు తర్వాత 50 దగ్గరికి పడిపోయింది. అలాంటి రోజుల్లో కొత్త దర్శకులకి డబ్బు పెట్టాడు. 2011లో దర్శకురాలు ఆన్ హుయికి పెట్టుబడి దొరక్కపోతే ‘ఎ సింపుల్ లైఫ్’కి సాయపడి, అందులో తనే నటించాడు. ఇంట్లో పనిచేసిన ముసలామెని చివరిదాకా చూసుకునే మనిషి పాత్ర. ఆ సినిమాలో జనం అతన్ని ఏసీ బాగుచేసేవాడు అనుకుంటారు. అంత పెద్ద స్టార్ అలా కనిపించడానికి ఒప్పుకున్నాడు. మూడో అవార్డు దానికే.

మళ్లీ నా ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. టోనీ రెండూ గెలిచాడు. ప్రపంచంలో గొప్ప నటులెవరో తెలుసుకోవాలంటే అతని వెంటే వెళ్లండి, నష్టపోరు. కానీ హాంకాంగ్ మనుషులు ఎలా తిట్టుకుంటారో, ఎలా అన్నం తింటారో, ఫ్లాటు అద్దె గురించి ఎలా టెన్షన్ పడతారో, కాంటోనీస్ సినిమా బతికున్నన్నాళ్లూ ఏం పట్టించుకుందో తెలియాలంటే లౌ చింగ్ వాన్ దారే మేలు. రచ్చకి వెళ్లకపోవడం వల్ల అతనికి పేరు తగ్గింది. పని తగ్గలేదు, పదును అసలే తగ్గలేదు.

ఇద్దరినీ ఒకేచోట తూచాలనుంటే 1998 నాటి ‘ద లాంగెస్ట్ నైట్’ చూడండి. హాంకాంగ్ పక్కనున్న మకావులో ఒక్క రాత్రి కథ. లోకం జాలిగా చూసుకునే టోనీ ఇందులో కరుడుగట్టిన లంచగొండి పోలీసు. లౌ చింగ్ వాన్ గుండు చేయించుకుని ఊళ్లోకి దిగిన కొత్తవాడు. అద్దాలు నిండిన గోదాములో చివరి పోరాటానికి వచ్చేసరికి టోనీకీ గుండే. ఎవరు ఎవరో, ఏది మనిషో ఏది అద్దమో పోల్చుకోవడం కష్టమవుతుంది.

చూసేముందు ఆడియో సెట్టింగ్‌లో కాంటోనీస్ ఉందో లేదో చూసుకోండి. కొన్నిచోట్ల మాండరిన్ డబ్బింగే ముందు వస్తుంది. వేరేవాళ్ల గొంతుతో లౌ చింగ్ వాన్‌ని చూస్తే చూసినట్టు కాదు.