పత్తి పైసలకు కాపలా: మా సంఘం పొదుపు పథకం ఎట్లా ఉంది?

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన నాడు చేతినిండా ఉన్న పైసలు మృగశిర కార్తె నాటికి మిగలకపోవడం మా ఇంట్లో ఏటా చూసిన సంగతే కాబట్టి, హనుమకొండ దగ్గరి మా పరపతి సంఘం మొదలుపెట్టిన విత్తనాల పొదుపులో నిరుడు చేరాను. పత్తి డబ్బు అందిన వారంలోనే మనం ఒప్పుకున్న మొత్తాన్ని వేరే ఖాతాలో వేస్తారు. మధ్యలో తీయాలంటే దరఖాస్తు రాసి మూడు రోజులు ఆగాలి. పాసుపుస్తకం అట్టపై ‘విత్తనాలు, యూరియా’ అని నా చేతనే రాయించారు. సంక్రాంతికి ముందు దరఖాస్తు రాయబోయి, ఆ అక్షరాలు చూసి మానుకున్నాను.

దీని వెనుక గట్టి పరిశోధనే ఉంది. 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రేమర్ మరొకరితో కలిసి కెన్యాలో చేసిన అధ్యయనంలో, పంట అమ్మిన వెంటనే ఎరువు కొన్న రైతులకు దాన్ని ఇంటికి ఉచితంగా చేర్చితే, తర్వాత ఇచ్చే 50 శాతం రాయితీకి తీసిపోని ఫలితం వచ్చింది. రైతుకు పొదుపు తెలియదనే మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. లోపం డబ్బు అందే వేళకూ అవసరమయ్యే వేళకూ మధ్య ఉన్న దూరంలో ఉంది.

అయితే పట్టాదారు పాసుపుస్తకం లేనిదే చేర్చుకోకపోవడం వల్ల, ఈ పొదుపు అందరికంటే ఎక్కువ అవసరమైన కౌలు రైతులు గడప బయటే నిలబడుతున్నారు. ఈ నిబంధనను వచ్చే పత్తి ఏరే లోపే సంఘం మార్చాలి.