కొత్తదని అమ్మిన హార్డ్ డిస్కు మూడేళ్ళు తిరిగినదని తేలింది: కర్నూలు కొనుగోలుదారులకు హెచ్చరిక

కర్నూలులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ హార్డ్ డిస్కు కొనబోతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గత జూన్‌లో నగరంలోని ఒక కంప్యూటర్ దుకాణంలో నాలుగు టెరాబైట్ల డిస్కు కొన్నాను. సీలు వేసిన కవరు, మెరిసే లేబులు, 9,200 రూపాయల బిల్లు. అన్నీ కొత్త సరుకుకు ఉన్నట్టే ఉన్నాయి. అది అప్పటికే మూడేళ్ళకు పైగా తిరిగిన డిస్కు అని ఆరు వారాల తర్వాత తెలిసింది.

మాది పాతబస్తీలో ఫోటో స్టూడియో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచినప్పుడు నాన్నగారి నెగెటివ్‌లలో సగానికి పైగా బురదపాలయ్యాయి. మేడమీది గదిలో ఉండి దక్కినవాటిని, తడిసినా మిగిలినవాటిని రెండేళ్ళుగా ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, "మా అమ్మ పెళ్ళి ఫోటో మీ దగ్గర ఏమైనా మిగిలిందా?" అని అడుగుతారు. వాళ్ళ ఆల్బములూ ఆ వరదలోనే పోయాయి. ఈ స్కాన్‌లు భద్రంగా ఉంచడానికే డిస్కు కొన్నాను.

రెండో వారం నుంచి, ఫోల్డరు తెరవగానే కంప్యూటర్ అర నిమిషం బిగుసుకుపోయేది. తర్వాత మామూలుగా నడిచేది. దుకాణానికి ఫోను చేస్తే, "అన్నా, వైరస్ అయి ఉంటుంది, విండోస్ మళ్ళీ వేయించుకోండి" అన్నారు. వేయించాను. బిగుసుకుపోవడం ఆగలేదు. డిస్కు పట్టుకుని వెళితే, విండోస్ చూపే 'ఓకే' అనే ఒక్క మాట తెరమీద చూపించి పంపేశారు.

ఆ 'ఓకే'ను నమ్మకండి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్కపెట్టుకునే ఏర్పాటును స్మార్ట్ అంటారు. అందులో ఒక్కో లక్షణానికి తయారీదారు ఒక హద్దు పెడతాడు. ఆ హద్దు దాటేదాకా మొత్తం ఫలితం బాగుందనే వస్తుంది. డిస్కులో సమాచారం రాసే చిన్న గళ్ళను సెక్టార్లు అంటారు. వంద సెక్టార్లు పాడైనా హద్దు దాటకపోవచ్చు.

అసలు సంగతి డ్రైవర్, అంటే డిస్కును నడిపే సాఫ్ట్‌వేర్, రాసే చిట్టాలో ఉంటుంది. అడిగిన చోటు డిస్కు చదవలేకపోతే డ్రైవర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది. చివరికి దొరికితే ఫోటో తెరుచుకుంటుంది, మనకు కాస్త ఆలస్యమైందనే తెలుస్తుంది. ఆ తడబాటును మాత్రం తేదీ, సమయంతో సహా రాసిపెడుతుంది. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అనే భాగంలో ఈవెంట్ ఐడీ అంకెలు చూడండి. 153 అంటే మళ్ళీ ప్రయత్నించాల్సి వచ్చింది, 7 అంటే పాడైన బ్లాకు తగిలింది, 129 అంటే జవాబు రాక పరికరాన్ని రీసెట్ చేయాల్సి వచ్చింది. లైనక్స్ వాడేవారికి ఇవే సంగతులు కెర్నెల్ సందేశాల్లో కనిపిస్తాయి.

నా చిట్టాలో 153లు వరుసగా ఉన్నాయి, మధ్యమధ్య 7లు. కానీ అవి విండోస్ మళ్ళీ వేసిన సాయంత్రం నుంచే మొదలయ్యాయి. అంతకు ముందు వారాల చిట్టా, సీ డ్రైవ్ ఫార్మాట్ చేయడంతో తుడిచిపెట్టుకుపోయింది. దుకాణం ఇచ్చిన సలహా పాటించి నా చేతికి అందిన మొదటి సాక్ష్యాన్ని నేనే పోగొట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి. విండోస్ మళ్ళీ వేయించే ముందు ఆ చిట్టాను ఒక ఫైలుగా వేరే చోట దాచండి.

దుకాణాన్ని తప్పుపట్టే ముందు కేబులును కూడా అనుమానించాను. స్మార్ట్‌లో సీ7 అనే వరుసలోని అంకె పెరుగుతూ ఉంటే చాలాసార్లు దోషం కేబులుదే. నాకు అది సున్నా. కొత్త కేబులు వేసినా మార్పు లేదు. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో మిగతా అంకెలు చూశాను. పవర్ ఆన్ గంటలు 27,412. రోజుకు 24 గంటల చొప్పున 1,142 రోజులు! ఆన్ చేసిన సార్లు 38 మాత్రమే. ఏ సీసీ కెమెరా రికార్డరులోనో, సర్వర్‌లోనో ఆగకుండా తిరిగిందని నా అంచనా. చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లను చెప్పే సీ5 ఎదురుగా 40 అని ఉంది. ఆ ప్రోగ్రాములో కింది పట్టికలోని ముడి అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహార్ల లెక్కలో) ఉంటాయి, కాబట్టి 40 అంటే 64. సీరియల్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైటులో వేస్తే వారంటీ ఎప్పుడో ముగిసిందని వచ్చింది.

గంటలు సున్నా ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. అప్పటికే వాడేసిన సీగేట్ కంపెనీ డిస్కులను స్మార్ట్ గంటలు చెరిపేసి ఐరోపాలో కొత్తవిగా అమ్మిన వ్యవహారం 2025 ఆరంభంలో బయటపడింది. వాటిలోని ఫార్మ్ అనే మరో చిట్టా అసలు గంటలను పట్టించింది. స్మార్ట్ అంకెలు చదివే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాము 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవగలదు. యూఎస్‌బీ పెట్టెలో వచ్చే డిస్కులతో ఇంకో చిక్కుంది: కొన్ని పెట్టెల్లోని చిప్పు స్మార్ట్ సమాచారాన్ని బయటికి పంపదు.

అందుకే డబ్బు కట్టేముందే దుకాణంలోని కంప్యూటర్‌కు తగిలించి గంటలు చూపించమనండి. బిల్లుమీద సీరియల్ నంబరు రాయించుకోండి. నా బిల్లులో అది లేదు. "ఇది మేమిచ్చిన డిస్కే కాదు" అనడానికి వాళ్ళకు అదే ఆసరా అయింది. కవరుమీద వాళ్ళ స్టిక్కరు, దానిమీద సీరియల్ నంబరు ఉన్నాయి కాబట్టి, కవరు పారేయలేదు కాబట్టి, నా మాట నిలిచింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.

డిస్కులోని ఫైళ్ళను, పాడైన డిస్కులనుంచి సమాచారం తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో తీశాను. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు తీసి, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. రెండు రాత్రులు పట్టింది. 23 స్కాన్‌లు రాలేదు. వాటిలో పద్నాలుగింటి నెగెటివ్‌లు బాగానే ఉన్నాయి, మళ్ళీ స్కాన్ చేస్తున్నాను. మిగతా తొమ్మిది వరద నీటిలో తడిసినవి. మొదటిసారి స్కాన్ చేసినప్పుడే వాటిమీద బొమ్మ ఉండే పొర ఊడిపోయింది.