ఈత పోటీకి స్వీడిష్ గాగుల్స్: మంచివే, కానీ ముందుగా కొనండి

స్విమ్ టీమ్‌లో ఉన్న పిల్లలకు పోటీ కోసం గాగుల్స్ కొనాలనుకునేవాళ్లకు నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్వీడిష్ గాగుల్స్ చాలా మంచివి. తేలిక, చవక, సరిగ్గా అమరితే డైవ్ చేసినా కదలవు. అయితే పోటీకి కనీసం నెల ముందు కొనాలి. వారం ముందు కొనేట్టయితే అసలు వద్దు, పిల్లల్ని అలవాటైన పాత జతతోనే నీళ్లలోకి దింపండి. ఎందుకంటే ఇవి తయారై రావు. పిల్ల మొహానికి సరిపడేలా ఇంట్లో మనమే కట్టుకోవాలి.

నేను దర్జీ పని చేసినవాణ్ణి. ఇప్పుడు మనవరాల్ని ప్రాక్టీసుకు తీసుకెళ్లి తీసుకురావడం నా పని. పదేళ్ల పిల్ల, ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదుతుంది. డైవ్ చేసిన ప్రతిసారీ గాగుల్స్ మెడలోకి జారిపోతున్నాయని వాళ్ల కోచ్ మేడమ్ ఈ రకం తెచ్చుకోమన్నారు.

ప్యాకెట్ విప్పితే రెండు గట్టి ప్లాస్టిక్ అద్దాలు, ఒక సన్నటి దారం, ఒక చిన్న గొట్టం, పొడవాటి లేటెక్స్ (రబ్బరు) పట్టీ. అంతే. మామూలు గాగుల్స్‌కి కంటి చుట్టూ ఉండే మెత్తటి అంచు వీటికి ఉండదు. ప్లాస్టిక్ అంచే నేరుగా కంటి గుంట లోపల కూర్చుంటుంది. ఇది 1970ల్లో స్వీడన్‌లో పుట్టిన డిజైను. ఒలింపిక్స్‌లో గాగుల్స్‌ని మొదటిసారి అనుమతించింది 1976లో, మాంట్రియల్‌లో. అంటే పోటీల్లో గాగుల్స్ వాడకం మొదలైన రోజుల నాటి వస్తువు ఇది. ఇప్పుడు చాలా కంపెనీలు ఇదే పద్ధతిలో చేస్తున్నాయి, కాబట్టి నేను చెప్పేది ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు, ఈ రకం గురించి.

పనితనమంతా ముక్కు దగ్గరి దారంలో ఉంది. ఒక అద్దం లోపలి చివరన ఉన్న రంధ్రంలో దారం దూర్చి, గొట్టంలోంచి తీసి, రెండో అద్దం రంధ్రంలోంచి తిప్పి, మళ్లీ అదే గొట్టంలోంచి వెనక్కి తెచ్చి ముడి వేయాలి. ఆ ముడిని గొట్టం లోపలికి జరిపేస్తే ముక్కుకి గుచ్చుకోదు. దారం కొస పీచులుగా విడిపోతుంది. దానికి కొంచెం మైనం రాసి వేళ్ల మధ్య నలిపితే సూదిలా గట్టిపడి తేలిగ్గా దూరుతుంది. నున్నటి దారం తడిస్తే ముడి జారుతుంది కాబట్టి ఒక్క ముడి చాలదు. రెండో ముడి మొదటిదానికి ఎదురు దిశలో వేసి, రెండు కొసలూ పట్టి గట్టిగా లాగి చూడాలి. మిగిలిన కొసలు అప్పుడే కత్తిరించకండి. దానికి ఇంకా టైముంది.

ముక్కు దగ్గర ఎంత సందు ఉండాలన్నది టేపుతో తేలదు. పిల్లని కూర్చోబెట్టి, పట్టీ లేకుండా రెండు అద్దాలూ కళ్లకు మెల్లగా ఒత్తి వదలాలి. ఒకటి రెండు సెకన్లు వాటంతట అవే పట్టుకుని నిలిస్తే కొలత కుదిరినట్టు. వెంటనే రాలిపోతే సందు ఎక్కువో తక్కువో అయిందన్నమాట. మా పిల్ల మొదట "తాతయ్యా, కుడివైపు ముక్కు పక్కన నొక్కుతోంది" అంది. ముడి విప్పి, బియ్యపు గింజ మందం కూడా లేనంత వదులు చేస్తే ఆ నొప్పి పోయింది. ఇంత చిన్న తేడా మీద ఆధారపడే వస్తువుని పోటీకి ముందురోజు రాత్రి కూర్చుని ఎవరు సరిచేయగలరు చెప్పండి?

అంచులు కూడా చూసుకోవాలి. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్‌కి కొన్నిసార్లు సన్నటి గీతలాంటి గరుకు మిగులుతుంది. గోటితో చుట్టూ తడిమితే తెలుస్తుంది. బాగా సన్నరకం గరుకు కాగితంతో అక్కడక్కడా రుద్ది, నీళ్లతో శుభ్రంగా కడిగి, మళ్లీ గోటితో చూడాలి. కంటి దగ్గరికి వెళ్లే వస్తువు కాబట్టి ఈ పని పిల్లలకు అప్పగించకండి. నేనైతే మంచి వెలుతురులో, అద్దం లోపలి వైపు కాగితం తగలకుండా చేశాను.

మొదట్లో నొప్పి ఉంటుంది. కళ్ల చుట్టూ ఎర్రటి గుర్తులు పడతాయి. అందుకని మా కోచ్ మేడమ్ చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది: ప్రాక్టీసంతా మెత్తటి అంచున్న పాత జతతోనే చేయించి, చివర్లో డైవ్‌లు వేసేటప్పుడు మాత్రం ఇవి పెట్టించారు. అలా అలవాటవుతూ వచ్చింది. పిల్లలు నెమ్మదిగా సర్దుకుంటారు, తొందరపెట్టకూడదంతే.

డైవ్ విషయంలో ఇవి నిలబడటానికి కారణం వాటి లోతు తక్కువ కావడం. మొహం మీంచి పెద్దగా పొడుచుకు రావు, నీటి దెబ్బ తగలడానికి చోటు తక్కువ. రేసు మొదట్లో దూకడానికి నిలబడే దిమ్మె, అంటే స్టార్టింగ్ బ్లాక్, నీటి మట్టానికి 50 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి దూకేటప్పుడు పిల్ల తలెత్తి ముందుకు చూస్తే ఎంత మంచి గాగుల్స్ అయినా ఊడతాయి. గడ్డం లోపలికి లాక్కుని, చేతులు చెవుల వెనక బిగించాలి. పట్టీని తల వెనక రెండుగా విడదీసి, పైన సిలికాన్ క్యాప్ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. కొందరు పిల్లలు ఒక క్యాప్ మీద పట్టీ పెట్టి, దానిమీద ఇంకో క్యాప్ వేసుకుంటారు.

అన్నీ సరిగ్గా ఉన్నా నీళ్లు వచ్చే రోజు వస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై రేసులో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్ నీళ్లతో నిండిపోయాయి. గోడ కనబడకపోయినా స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ 1 నిమిషం 52.03 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. మేడమ్ మా పిల్లలకు ఈ సంగతి చెప్పి, గాగుల్స్‌లో కావాలని నీళ్లు నింపి ఒక్కో లెంగ్త్, అంటే కొలను ఈ చివరనుంచి ఆ చివరకి, ఈదించారు. దాని తర్వాత మనవరాలికి ఆ టెన్షన్ పోయింది. పోటీకి సిద్ధం చేయడమంటే నా దృష్టిలో ఇదే. వస్తువుని నమ్మడంతో పాటు, అది మోసం చేస్తే ఏం చేయాలో కూడా పిల్లకి తెలియాలి.

ఇక ఆవిరి. ఒంటి వేడికి గాగుల్స్ లోపల తేమ చేరుతుంది, బయట చల్లటి నీరు. పోటీ కొలనుల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఆ చల్లటి అద్దం మీద తేమ చిన్న చిన్న బొట్లుగా పేరుకుంటుంది. ఈ రకంలో మామూలు మోడళ్లకి ఆవిరి పట్టకుండా పూత ఉండదు, పూత ఉన్నవి విడిగా దొరుకుతాయి. నేను పూత ఉన్నవే తీసుకోమంటాను. బ్యాక్‌స్ట్రోక్ పిల్లలకైతే తప్పదు. వెల్లకిలా ఈదేవాళ్లకి గోడ కనబడదు కాబట్టి, గోడకి 5 మీటర్ల ముందు తలపైన కట్టే జెండాల్ని చూసి, అక్కడినుంచి స్ట్రోకులు లెక్కపెట్టుకుని గోడ అందుకోవాలి. జెండాలే మసకగా కనబడితే లెక్క ఎక్కడ మొదలుపెడతారు? ఆ పూతని వేలితో రుద్దితే పోతుంది, కాబట్టి లోపల ఎప్పుడూ తుడవొద్దు. నీళ్లలో ముంచి దులపడమే. ఎండలో ఉండే కొలనుకి అద్దంలా మెరిసే రంగువి, పైకప్పు కింద ఉండే కొలనుకి రంగు లేనివి పనికొస్తాయి.

లేటెక్స్ పట్టీ ఈ గాగుల్స్‌లో బలహీనమైన భాగం. క్లోరిన్‌కీ ఎండకీ త్వరగా పాడవుతుంది. ప్రతిసారీ మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టాలి. పోటీకి ముందు పట్టీని సాగదీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సన్నటి పగుళ్లు కనబడతాయి. కనబడితే మార్చేయండి. చాలామంది దాని బదులు గుండ్రటి ఎలాస్టిక్ తాడు కట్టుకుంటారు. అది ఎక్కువకాలం మన్నుతుంది, బిగించడం కూడా తేలిక.

మా టీమ్‌లో తల్లిదండ్రులు గాగుల్స్ కంటే ఖరీదైన రేసింగ్ సూట్ల గురించి ఎక్కువ అడుగుతుంటారు. అమెరికాలో ఈత పోటీల్ని నడిపే సంస్థ యూఎస్‌ఏ స్విమ్మింగ్ 2020 సెప్టెంబరు నుంచి 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు టెక్ సూట్లు అనే ఆ రేసింగ్ సూట్లని పోటీల్లో నిషేధించింది. కుట్లు వేయకుండా అతికించిన జాయింట్లు ఉన్నా అది టెక్ సూటే అని ఆ నిబంధన చెబుతుంది. దర్జీగా నాకు ఆ పనితనం మీద గౌరవం ఉంది. కానీ పదేళ్ల పిల్లకి ఒంటికి సరిపోయే మామూలు సూటు, మొహానికి సరిపోయే గాగుల్స్ ఉంటే చాలు.

ఇంకా ఈత నేర్చుకుంటున్న చిన్నపిల్లలకు ఇవి కొనకండి. వాళ్లకి మెత్తటి అంచున్నవే సుఖం. నెల ముందునుంచి వాడినా నొప్పి తగ్గని పిల్లలుంటారు, కంటి గుంటల ఆకారం అందరికీ ఒకలా ఉండదు కదా. వాళ్లని బలవంతపెట్టడం అన్యాయం.

కొనేటప్పుడు రెండు జతలు తీసుకోండి. రెండోదాన్ని కూడా అదే రోజు, అదే కొలతతో కట్టి, పిల్లతో ప్రాక్టీసులో వాడించి, గట్టి డబ్బాలో పెట్టి పోటీకి తీసుకెళ్లే బ్యాగులో వేయండి. ముడి నిలిచిందని నమ్మకం కుదిరాక దారం కొసలు కత్తిరించండి. పట్టీ మీద పిల్ల పేరులోని మొదటి అక్షరాలు మార్కర్‌తో రాయండి. ఒకే టీమ్‌లో ఒకే రకం గాగుల్స్ చాలామందికి ఉంటాయి. మీ చేత్తో కట్టిన జత ఇంకో పిల్లతో వెళ్లిపోతే ఆ రోజు ఎవరి రేసుకూ పనికిరాదు.