పాత టూ-స్ట్రోక్ ఇంజన్ రీబిల్డ్: ఆరేళ్ల తర్వాత ఏం మిగిలింది

ఆరేళ్ల క్రితం నా బైక్‌లోంచి ఈ ఇంజన్ దించినప్పుడు నాకు కావలసింది స్పీడ్. 98 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) అంతే, లోపలికెళ్లిన మిశ్రమం వెనక్కి రాకుండా ఆపే రీడ్ వాల్వ్. 18,000 కిలోమీటర్లు తిప్పాక చూసుకుంటే, అప్పట్లో స్నేహితులకు గొప్పగా చూపించుకున్నవన్నీ దాదాపు తీసేశాను.

మొదటిసారి బ్లాక్ (సిలిండర్) బోర్ చేయించి 50.50 మి.మీ. పిస్టన్ వేశా. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు 1.5 మి.మీ. గీకి, సైలెన్సర్ బదులు ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బుగా ఉండే రేసు పైపు) బిగించా. పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని జోలికి పోలేదు. చేత్తో తిప్పితే బాగానే తిరిగింది మరి! 300 కిలోమీటర్లు కూడా కాకముందే నడుస్తున్న బండి వెనక చక్రం కీచుమని బిగుసుకుంది. క్లచ్ పట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే పడేవాణ్ణి. విప్పితే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు, బోరుకు అంటుకున్న అల్యూమినియం. పెట్రోలు ఎక్కువ అందాలని కార్బ్యురేటర్‌లో మెయిన్ జెట్ పెద్దది వేశా. అయినా రేస్ వదిలితే ఐడిలింగ్ వెంటనే దిగేది కాదు. దాన్ని పట్టించుకోనందుకు మళ్లీ సీజ్ అయింది.

దొంగ దొరికింది మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ దగ్గర. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ నోళ్లు రబ్బరుతో మూసి, చేతి పంపుతో 6 పీఎస్‌ఐ గాలి పెట్టి, సబ్బు నీళ్లు పూస్తే అక్కడ బుడగలు. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంక్‌కేస్‌లోకే వెళ్తాయి. సీల్ లీకైతే అదనపు గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాక్కుని తెల్ల పొగ కక్కుతుంది, కనీసం కంటికి తెలుస్తుంది. మ్యాగ్నెట్ వైపుది చెప్పి రాదు.

రెండోసారి కొత్త కాన్‌రాడ్, మెయిన్ బేరింగులు, రెండు సీల్సూ వేసి, క్రాంక్‌ను డయల్ గేజ్ మీద సరిచేయించా. ప్లగ్ రంధ్రంలోంచి సోల్డర్ తీగ దూర్చి, ఇంజన్‌ను మెల్లగా ఒక చుట్టు తిప్పి, నలిగిన చోట కొలిస్తే స్క్విష్ (పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య ఖాళీ) 1.7 మి.మీ. ఉంది. హెడ్ అరగదీయించి 1.0కి తెచ్చా. కొందరు దీనికోసం కింది గ్యాస్కెట్ పలచన చేస్తారు. అప్పుడు బ్లాక్ దిగి పోర్టు టైమింగే (పోర్టులు తెరుచుకుని మూసుకునే వేళలే) మారిపోతుంది, ఆ పని చేయొద్దు. మామూలు రోడ్డు మీద పికప్‌లో నాకు తెలిసిన తేడా ఈ హెడ్ పనిదే.

చాంబర్ పైపును రెండేళ్లు భరించా. 6,000 ఆర్పీఎం దాటితే ప్రాణం లేచొచ్చేది, ఆ కింద నిద్రే. పైపులోంచి తిరిగొచ్చే ఒత్తిడి అల, బయటికి జారిన మిశ్రమాన్ని మళ్లీ లోపలికి తోయాలంటే వేగం కుదరాలి. ఇంజనీర్ వాల్టర్ కాడెన్ 1950ల్లో తూర్పు జర్మనీ కంపెనీ ఎం.జెడ్. రేసు బండ్లలో ఈ విద్యతోనే చెలరేగాడు, నిజమే. ఆయన బండి సిగ్నల్ దగ్గర ఆగక్కర్లేదుగా! గీకని బ్లాక్ ఒకటి సంపాదించి, పాత సైలెన్సర్ తగిలించేశా. స్పార్క్ వేళ చూసే పాత కాంటాక్ట్ పాయింట్ల బదులు పెట్టిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాత్రం ఉంచుకున్నా.

ఇప్పుడు రెండో కిక్‌కు అందుకుంటోంది. పోయిన వారం నుంచి కొంచెం తెల్ల పొగ కనిపిస్తోంది. క్లచ్ వైపు సీల్ తెచ్చిపెట్టా, ఆదివారం విప్పాలి.