చేపల ఊళ్లో చేప వాసనకు జరిమానా

ఆ ఇంటి హాల్లో గోడకు ప్లాస్టిక్ చేప, స్నానాలగదిలో అలంకారానికి వల, దిండ్ల మీద పీతల బొమ్మలు. అలాంటి ఇంట్లో చేపల పులుసు కాచుకున్నందుకు మా దగ్గర 150 డాలర్ల 'వాసన తొలగింపు రుసుము' వసూలు చేశారు. ఈ మంట మీదే రాస్తున్నాను. చదివేవారు నా మాటల్లోంచి ఆ మేరకు కారం తగ్గించుకోవచ్చు.

ఊరు రాక్‌పోర్ట్, టెక్సాస్ తీరంలో హ్యూస్టన్ నుంచి కారులో మూడు గంటల పైచిలుకు. మార్చి రెండో వారం. భీమవరంలో ముప్ఫై ఏళ్లు రొయ్యల చెరువులు చేసిన మా మామయ్యగారు నాలుగు నెలలకని వచ్చి, నెల తిరగకముందే మా గోడలు చూసి విసిగిపోయారు. మోకాలి లోతు నీళ్లలో చేపను కంటితో చూసి, దాని ముందుకే ఎర విసిరే వేట ఒకటి ఇక్కడ ఉందని చెబితే ఆయన ముఖం వెలిగింది. పడవకు 700 డాలర్లు అనగానే ఆరిపోయింది. "చేపకా, పడవకా?" అన్నారు. రెండూ కాదు, గైడుకి అన్నాను.

ఆ పడవలో గైడు కాక ఇద్దరికే చోటు. ఈ సంగతి డబ్బు కట్టాక తెలిసింది. మూడు గంటల ప్రయాణంలో మా ఆవిడ మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకరోజు లైసెన్సు టెక్సాస్‌లో ఉండేవాణ్ణి కాబట్టి నాకు 11 డాలర్లు, బయటివారు కాబట్టి మామయ్యగారికి 16. పెట్రోలు బంకులో ఆయనకు పోలరైజ్డ్ కళ్లద్దాలు మరో 22. ఈ అద్దాల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. అవి లేకపోతే నీటి మీద తళతళ తప్ప కింద ఏమీ కనిపించదు.

గైడు ఏడున్నరకు రమ్మని, రెండు గంటలపాటు మమ్మల్ని ఊరికే తిప్పాడు. లోపల లెక్క కట్టుకుంటూనే ఉన్నాను, గంటకు ఎంత పడుతోందో. తర్వాత అర్థమైంది, తప్పు అతనిది కాదు. రెండు రోజుల కిందటే ఉత్తరపు చలిగాలి వీచి వెళ్లింది. మేం వెతుకుతున్న చేప పేరు రెడ్‌ఫిష్. రాత్రి చల్లబడినప్పుడు అది లోతుకు దిగుతుంది. ఎండెక్కి నల్లటి బురద వేడెక్కితే మళ్లీ మెరక నీళ్లలోకి వస్తుంది. సూర్యుడు పైకి వస్తే తప్ప మన కంటికి అడుగు కనిపించదు కూడా. కాబట్టి ఈ కాలంలో వేట పది దాటాకే. తెల్లవారుజామున బయలుదేరదీసే గైడు దొరికితే ఎనిమిదిన్నర చాలని చెప్పి ఇంకాస్త నిద్రపోండి.

పదింటికి ఇంజను ఆపి, వెనక ఎత్తు బల్లమీదికి ఎక్కి గెడ వేయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ముడుచుకుని కూర్చున్న మామయ్యగారు లేచి నిలబడ్డారు. "ఇంత సొమ్ము పుచ్చుకుని గెడే వేస్తున్నాడా!" అని మొదట వెక్కిరించారు, పది నిమిషాల్లో చూపు తిప్పుకోలేకపోయారు. చుట్టూ మడ చెట్లు, సముద్రపు గడ్డి, అక్కడక్కడ ఆల్చిప్పల దిబ్బలు. ప్రొపెల్లరుతో ఆ గడ్డిని పెకలిస్తే టెక్సాస్‌లో నేరం. ఆ కొసన ఉన్న రెడ్‌ఫిష్ బేలో 2006 నుంచి, తీరమంతటా 2013 నుంచి.

దిక్కులు గడియారంలా చెబుతారు. పడవ ముక్కు పన్నెండు. "పదకొండు, నలభై అడుగులు" అని గైడు ఇంగ్లిషులో అంటే, నేను తెలుగులో చెప్పేలోపు చేప ఉండేది కాదు. పైగా మామయ్యగారు తాను ఎటు తిరిగితే అటే పన్నెండు అనుకున్నారు. మొదటి గంటలో ఆయన గురిచూసి ఎర వేసింది చదునైన ఒంటి టేకు చేపలు రెండింటికి, ఒక మునిగిన దుంగకు. నేను వేసిన ఎర నేరుగా ఒక చేప నెత్తిన పడింది. అది లేపిన బురద మాత్రం చక్కగా కనిపించింది.

తర్వాత కన్ను కుదిరింది. నీళ్లింకా చల్లగా ఉన్నాయేమో, చేపలు రాగిరంగు మొద్దుల్లా కదలకుండా పడి ఉన్నాయి. వేసవిలో అయితే ఎర వెంట పరుగెత్తుతాయట, ఇప్పుడు మాత్రం మూతి ముందుకు మెల్లగా తెచ్చి పెట్టాలి, కొత్తల్లుడికి వడ్డించినట్టు. "అదిగో మచ్చ!" అన్నారు మామయ్యగారు. తోక మొదట్లో నల్లటి చుక్క, దీని గుర్తు. ఈసారి ఎర సరిగ్గా పడింది, కర్ర వంగింది, ఆయన చెప్పులొకటి నీళ్లలో పడిపోయింది. ఇరవై నాలుగు అంగుళాలు.

నాకు పడినది పందొమ్మిదిన్నర. ఇక్కడ ఉంచుకోవాలంటే ఇరవైకి తగ్గకూడదు, ఇరవై ఎనిమిది దాటకూడదు, మనిషికి రోజుకు మూడే. గైడు దాని నోరు మూసి, తోక కొసలు దగ్గరకు నొక్కి, రెండుసార్లు కొలిచి నీళ్లలోకి వదిలేశాడు. "అర అంగుళానికా?" అని మామయ్యగారు తన సొంత చెరువుకు గండిపడినంత బాధపడ్డారు. ఆ రోజంతా అదే మాట. గైడుకి 120 డాలర్లు బహుమానం ఇచ్చాను, సంతోషంగానే.

ఆ రాత్రి భోజనశాలలో రెడ్‌ఫిష్ ముక్క 29 డాలర్లు. అడిగితే చెరువుల్లో పెంచినదన్నారు. సముద్రంలో పట్టిన రెడ్‌ఫిష్‌ను అమ్మడం టెక్సాస్‌లో 1981 నుంచి నిషేధం. "చెరువు చేపే తినాలంటే భీమవరం వదిలి ఇంతదూరం దేనికి?" అని ఆయన రొయ్యలు తెప్పించుకున్నారు. అవి కూడా బాగోలేవన్నారు.

మా ఆవిడ మాత్రం 68 డాలర్లు పెట్టి పడవెక్కి వూపింగ్ క్రేన్ పక్షులను చూసి వచ్చింది. మనిషెత్తు తెల్లటి పక్షులు. 1941 చలికాలంలో ఈ తీరానికి వచ్చినవి పదిహేనో పదహారో. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఇంకొన్ని వారాల్లో కెనడాకు ఎగిరిపోతాయి. తాను పదకొండు చూసింది. "మీకు రెండు, నాకు పదకొండు" అని నవ్వింది. కోపం అక్కడితో సరి. మర్నాడు దగ్గర్లోని దీవి ఊరు పోర్ట్ అరాన్సస్ వెళ్లబోయాం. ఫెర్రీకి డబ్బు అక్కర్లేదు కానీ, సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లల కార్ల వరుస చూసి వెనక్కి తిరిగాం. మార్చిలో అటు పోకండి.

ఇక బస. రాత్రికి 158 చొప్పున రెండు రాత్రులు, శుభ్రం చేసినందుకు 95, పైన పన్నులు. 'పెరట్లో చేపలు కోసుకునే బల్ల, నీటి కుళాయి, దీపం' అని ప్రకటన. బల్ల ఉంది. కుళాయికి నీళ్లు లేవు, దీపం వెలగలేదు. గైడు రేవులోనే చేపను రెండు చెక్కలుగా కోసి, తలా ముళ్లూ పెలికాన్లకు విసరబోతే మామయ్యగారు చెయ్యి అడ్డుపెట్టి తల కాపాడుకున్నారు. గొరక, కచ్చిడి జాతుల కుటుంబమే ఇదీ. బొటనవేలి గోరంత పొలుసులు. చింతపండు, కారం ఇంటినుంచే తెచ్చుకున్నాం. పొయ్యి మీద ఫ్యాను గాలిని బయటికి పంపదు, పీల్చి తిరిగి మన ముఖానే కొడుతుంది. కిటికీలు రంగుతో అతుక్కుపోయాయి. మరి వాసన ఎటు పోవాలి?

పులుసు సంగతి చెప్పకుండా ఉండలేను. పండుగప్పకు సాటి రాదని తేల్చి, మామయ్యగారు తల మొత్తం తానే తిన్నారు. మర్నాడు పొద్దున చద్దన్నంలో మిగిలిన పులుసు పోసుకుని, "ఇప్పుడు కుదిరింది" అన్నారు.

ఇంటికి చేరిన మూడో రోజున యజమానురాలి సందేశం, 150 డాలర్ల పట్టీ. చేపలు వండకూడదని నియమాల్లో ఎక్కడా లేదని, కుళాయి, దీపం, ఫ్యాను ఫొటోలతో సహా గది కుదిర్చిన సంస్థకు రాశాను. పన్నెండు రోజుల తర్వాత 75 వెనక్కి వచ్చింది. ఎవరిది తప్పో చెప్పకుండా చెరిసగం చేసి చేతులు దులుపుకున్నారు. మిగతా 75 కంటే ఆ తీర్పే నాకు ఎక్కువ మండింది. బస చూసుకునేవారు పెరట్లో పొయ్యి ఉందో లేదో ముందు కనుక్కోండి, కుళాయి తిప్పి చూపిస్తూ వీడియో పంపమనండి.

మామయ్యగారు వెళ్లేలోపు ఇంకోసారి పోదామంటున్నారు. ఈసారి బస వెతికే పని మా ఆవిడ తీసుకుంది. నలుగురు యజమానులకు ఒకే ప్రశ్న రాసింది, మీ ఇంట్లో చేపల పులుసు వండుకోవచ్చా అని. ఇద్దరు జవాబివ్వలేదు, ఒకరు కుదరదన్నారు. నాలుగో ఆయన, పులుసు అంటే ఏమిటి, ఎలా చేస్తారని అడిగాడు. ఆవిడ గంట నుంచి రాస్తూనే ఉంది.