ఒంగోల్లో పాత ల్యాప్‌టాప్‌కి ప్రాసెసర్ మార్పిస్తే ఎట్టా ఉందంటే

నేను ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్) మార్పించిన షాపు కర్నూలు రోడ్డులో రెండో అంతస్తులో ఉంటుంది. బోర్డు చిన్నది, కింద మెడికల్ షాపులో అడిగితే మెట్లు చూపిస్తారు. మాది సింగరాయకొండ. పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ వీడియో తీసి, ఎడిట్ చేసి ఇచ్చే పని నాది. 2011 మోడల్ ల్యాప్‌టాప్‌కి అక్కడ ప్రాసెసర్ మార్పించుకున్నాను. పని బాగా చేశారు, పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ ఇది అందరూ చేయించుకోవాల్సిన పని కాదు. ఆ మాట ముందు అన్నది కూడా షాపు కుర్రాడే.

రేటు చెప్పకముందే "అన్నా, దీంట్లో ఏం పని చేసుకుంటావు?" అని అడిగాడు. టైపింగు, ట్యాలీ, యూట్యూబు వరకే అయితే ప్రాసెసర్ జోలికి పోవద్దంట. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (దానికంటే వేగమైన స్టోరేజీ) వేసుకుని, ర్యామ్ 8 జీబీ చేసుకుంటే చాలంట. ఆ రెండూ నేను ఎప్పుడో వేయించాను. అయినా ఎక్స్‌పోర్ట్ పెడితే, అంటే ఎడిట్ చేసింది చివరి వీడియో ఫైలుగా తీస్తుంటే, సీపీయూ (ప్రాసెసరే) నూటికి నూరు చూపించి అక్కడే కూర్చునేది. అది చూశాక "అయితే నీకు పనికొస్తదిలే" అన్నాడు. అంతకుముందు ఇంకో ఊళ్లో ఒకాయన మూత కూడా తెరవకుండానే కొత్తది కొనుక్కోమన్నాడు, కాబట్టి ఈ పిల్లాడి మీద గురి కుదిరింది.

నా దాంట్లో ఉన్నది ఐ3-2310ఎం. రెండు కోర్లు (పని చేసే భాగాలు), వేగం 2.1 గిగాహెర్ట్జ్, అవసరమైతే వేగం పెంచుకునే టర్బో లేదు. వేసింది ఐ7-2630క్యూఎం. నాలుగు కోర్లు, మామూలుగా 2.0, అవసరమైతే 2.9 దాకా పోతుంది. రెండూ ఇంటెల్ రెండో తరానివే, చిప్ కూర్చునే సాకెట్టూ ఒకటే. అసలు మార్చడం కుదురుతుందా లేదా అన్నది ఈ సాకెట్టు మీదే ఉంది. సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి, ప్యాకేజ్ దగ్గర ఆర్‌పీజీఏ అని ఉంటే చిప్ ఊడుతుందనీ, బీజీఏ అని ఉంటే బోర్డుకి అతికేసినట్టేననీ చూపించాడు. పేరు చివర యూ ఉన్నవి అతికినవేనంట. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన ఇంటెల్ చిప్‌లలో ఊడదీసేవి రానే లేదు. మూడో తరం చిప్ అడిగాను. సాకెట్లో కూర్చుంటుంది గానీ, బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) దాన్ని గుర్తుపట్టకపోతే స్క్రీన్ కూడా వెలగదన్నాడు. ఇదే మోడల్‌ని కంపెనీ వాళ్లు 2630తో కూడా అమ్మారంట, అందుకే దాన్నే ఎంచాడు.

పని ఎదురుగా కూర్చోబెట్టి చేశాడు, నాకు నచ్చింది అదే. కీబోర్డూ పై మూతా తీసి, చిప్ వేడిని లాగే హీట్‌సింక్ మీద అంకెలు అచ్చేసిన స్క్రూలని ఆ వరసలోనే వదులు చేశాడు. సాకెట్టు పక్కన ఒక స్క్రూ ఉంటుంది, చదును స్క్రూడ్రైవర్‌తో అర తిప్పు తిప్పితే చిప్ దానంతటదే వదిలింది. కొత్తదాని మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్టు గుర్తుకి సరిచూసి, అసలు నొక్కకుండా వదిలాడు. నొక్కితే పిన్నులు వంగుతాయి. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడి పోవడానికి పూసే పాత పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. స్పిరిట్‌తో తుడిచి, బియ్యపుగింజంత కొత్తది పెట్టాడు. ఫ్యాన్లోంచి వచ్చిన దుమ్ము చూసి నాకే సిగ్గేసింది, మా ఊరి కళ్యాణ మండపాల పూల రేకులు కూడా ఉన్నాయి అందులో!

ఆ తర్వాత నా వీడియోనే ఎక్స్‌పోర్ట్ పెట్టి వేడి చూపించాడు. 85 డిగ్రీలకి అటూ ఇటూ. ఈ చిప్‌కి హద్దు 100. సరేలే అనుకున్నా గానీ, మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టుకునేవాళ్లు ఆలోచించుకోవాలి. పాతది 35 వాట్లు, ఇది 45. ఫ్యాను చప్పుడు పెరిగింది, బ్యాటరీ ముందుకంటే తొందరగా దిగిపోతోంది.

పని మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉంది. ఎక్స్‌పోర్ట్ ఇదివరకటి టైములో సగానికి లోపే అయిపోతోంది. ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా ఉండే టైమ్‌లైన్ లాగుతుంటే ఆగి ఆగి పోవడం తగ్గింది. ఫైలు తెరవడం, బ్రౌజర్ లాంటివాటిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. విండోస్ 11 సంగతి కూడా దీంతో తీరదు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే దానికి అధికారికంగా సపోర్టు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరుతో అయిపోయింది. నేను దీన్ని నెట్‌కి కలపకుండా ఎడిటింగ్‌కే వాడుకుంటున్నా.

చిప్ 2,300, కూలి 700. ఇక్కడిదాకా పేచీ లేదు. అంతా బిగించాక "65 వాట్ల ఛార్జర్ చాలదన్నా, 90ది కావాలి" అని ఇంకో 900 చెప్పాడు. అది నిజమే, కానీ ముందే చెప్పాలి కదా. బిల్లంటే చేత్తో రాసిన చీటీ. చిప్ పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసింది, ఈ రకానివి ఇప్పుడు కొత్తవి రావు కాబట్టి దానికి తప్పు పట్టను. గ్యారంటీ నెల రోజులే. నేను అడిగితే ఆ మాట చీటీ వెనక రాసి సంతకం పెట్టాడు, మీరూ రాయించుకోండి. పాత ఐ3ని కూడా అడిగి తెచ్చుకోండి, అడక్కపోతే ఇవ్వరు. పొద్దున పదిన్నరకల్లా పోతే కుర్రాడు ఖాళీగా ఉంటాడు. సాయంత్రమైతే కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని మెట్ల మీద దాకా నిలబడి ఉంటారు.