పోయిన ఫోన్ 47 రోజులకు తిరిగొచ్చింది: సీఈఐఆర్ పోర్టల్ వాడిన నా అనుభవం

ఫోన్ పోయి, ఏం చేయాలో తోచక ఇది చదువుతున్నవాళ్లు నా కథ తర్వాత చదువుకోండి. ముందు పక్కనున్న ఎవరి ఫోన్ నుంచైనా సిమ్ కంపెనీకి చేసి సిమ్ ఆపించండి. తర్వాత బ్యాంకుకు చేసి యూపీఐ, కార్డు ఆపించండి. అప్పటికే ఖాతాలో డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. పోలీస్ స్టేషన్, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించే సీఈఐఆర్ పోర్టల్ వీటి తర్వాతే. నేను ఈ వరస తెలియక ముందు ఇంటికి పరిగెత్తబోయాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. హైదరాబాద్‌లోని మూసాపేటలో ఉంటాం. డ్యూటీ లక్డీకాపూల్‌లో. పదకొండేళ్లుగా రోజూ అదే బస్సు దారి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పొద్దున ఎనిమిదింటి బస్సులో పైన కడ్డీ అందితే చాలనిపిస్తుంది. ఆ పథకం నాలాంటివాళ్లకు ఎంత ఆసరాగా ఉందో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టను. రద్దీ సంగతి మాత్రమే చెప్తున్నాను. కిందటి నవంబర్‌లో నా ఫోన్ పోయింది అలాంటి రద్దీలోనే.

ఈఎస్ఐ దగ్గర ఒకామె చంటిబిడ్డను చంకనేసుకుని ఎక్కింది. నా పక్కకు వచ్చి, "అక్కా, నిమ్స్‌కు ఏడ దిగాలె?" అంది. "పంజాగుట్టలో దిగమ్మా, వచ్చినప్పుడు నేను చెప్తాలే" అన్నాను. బిడ్డకు జ్వరమా అని అడిగాను. బిడ్డ కాలు నా హ్యాండ్‌బ్యాగ్‌కు తగులుతోంది. పసిపిల్ల కాలు కదా అని నేను కదల్లేదు. అమీర్‌పేటలో జనం తోసుకుంటూ ఎక్కారు, దిగారు. చూస్తే ఆమె లేదు. పంజాగుట్టలో దిగాల్సిన మనిషి అమీర్‌పేటలోనే ఎందుకు దిగిందా అనుకున్నాను తప్ప బ్యాగ్ తడుముకోలేదు. ఖైరతాబాద్ వచ్చాక టైమ్ చూద్దామని చెయ్యి పెడితే జిప్పు నాలుగు వేళ్లు పట్టేంత తెరిచి ఉంది. పర్సు ఉంది, టిఫిన్ డబ్బా ఉంది, ఫోన్ లేదు.

ఆమే తీసిందని నేను ఇవాళ్టికీ అనలేను. నా వెనక ఇంకా నలుగురైదుగురు ఆనుకుని నిలబడ్డారు. కానీ ఆ రోజు నుంచి చంటిబిడ్డతో ఎవరు పక్కకు వచ్చినా నా చెయ్యి దానంతటదే బ్యాగ్ మీదకు పోతోంది. అలా పోయినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

నేను ఏడుపు ఆపుకోలేకపోతుంటే, కాలేజీ ఐడీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఫోన్ ఇవ్వమ్మా, మా ఆయనకు చేసుకుంటాను అన్నాను. ఇవ్వలేదు. "నంబర్ చెప్పండి ఆంటీ, నేనే చేస్తాను" అని తనే కొట్టి, స్పీకర్‌లో పెట్టి, ఫోన్ తన చేతిలోనే ఉంచుకుని నా నోటి దగ్గర పట్టుకుంది. నన్ను నమ్మట్లేదే అని ఆ క్షణంలో చివుక్కుమంది. ఇంటికెళ్లాక మా అమ్మాయి చెప్తే అర్థమైంది. అర్జెంటుగా కాల్ చేసుకోవాలని ఫోన్ అడిగి, స్టార్ 401 స్టార్ అని మొదలయ్యే కోడ్ కొట్టి, మన కాల్స్ వాళ్ల నంబర్‌కు మళ్లించుకునే మోసాలు జరిగాయట. కాల్ మళ్లిందంటే ఫోన్‌లో చదివి వినిపించే ఓటీపీలు కూడా వాళ్లకే పోతాయి. ఇదంతా తెలిసి కూడా ఆ పిల్ల తప్పుకుపోలేదు. తను దిగాల్సిన స్టాప్ దాటిపోయినా నాతోపాటే లక్డీకాపూల్‌లో దిగింది. "ముందు సిమ్ ఆపించండి ఆంటీ. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు వాళ్లకే వస్తాయి" అని చెప్పింది కూడా తనే. ఆ కంగారులో పేరు అడగలేదు.

సిమ్ ఐదు నిమిషాల్లో ఆగింది. బ్యాంకుతోనే నానా తిప్పలు పడ్డాను. రిజిస్టర్ చేసిన నంబర్ నుంచి చేయండి అంటుంది రికార్డింగ్. ఆ నంబరే కదా పోయింది! మనిషి లైన్‌లోకి వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అదృష్టం, డబ్బు పోలేదు.

ఇక స్టేషన్. మొదట వెళ్లినచోట ఇది మా పరిధి కాదు, అమీర్‌పేట వైపు వెళ్లండి అన్నారు. బస్సులో పోయిన వస్తువు ఏ వీధిలో పోయిందని చెప్పగలం? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ రోజు నాకీ సంగతి తెలియదు, బయటికి వచ్చేశాను. రెండో స్టేషన్‌లో తీసుకున్నారు. దరఖాస్తులో "పోయింది" అని రాయమన్నారు. "జిప్పు తెరిచి తీశారు" అని నేను రాశాను. ఆ మాట మార్చకండి. పారేసుకోవడం వేరు, దొంగతనం వేరు.

ఇప్పుడు అసలు సర్వీసు గురించి.

సీఈఐఆర్ అనేది టెలికాం శాఖ నడిపే పోర్టల్. 2023 మేలో ఆ శాఖదే సంచార్ సాథీ అనే ఇంకో పోర్టల్‌తో పాటు దేశమంతటికీ వచ్చింది. ప్రతి ఫోన్‌కూ ఐఎంఈఐ అని 15 అంకెల నంబర్ ఉంటుంది, రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఉంటాయి. ఆ నంబర్‌ను ఇక్కడ బ్లాక్ చేయిస్తే దేశంలోని ఏ నెట్‌వర్క్ మీదా ఆ ఫోన్ పనిచేయదు. ఎవరైనా అందులో సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు వెళ్తుంది. పైసా ఖర్చు లేదు.

ఎర్ర బటన్ నొక్కితే ఫారం వస్తుంది. ఫోన్ నంబర్, ఐఎంఈఐ, కంపెనీ, మోడల్, ఎక్కడ ఎప్పుడు పోయింది, స్టేషన్ పేరు, ఫిర్యాదు నంబర్, దాని కాపీ, కొన్న బిల్లు, మన గుర్తింపు కార్డు. ఫారం నింపడానికి పావుగంట పట్టదు. అందులో రాయాల్సినవి పోగుచేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఐఎంఈఐ ఎక్కడుందో ఎవరైనా చూసుకుంటారా? నేనూ చూసుకోలేదు. మొత్తానికి ఫోన్ కొన్నప్పటి అట్టపెట్టె ఇంట్లోనే ఉంది. అందులో గుండీలు, సూదులు, జాకెట్ హుక్కులు పెట్టుకున్నాను. అవన్నీ మంచం మీద కుమ్మరించి పెట్టె తిరగేస్తే అడుగున స్టిక్కర్ మీద రెండు నంబర్లూ కనిపించాయి. ఆ పెట్టె ఎప్పుడో పాత పేపర్లవాడికి వేసి ఉంటే ఏమయ్యేదో. బిల్లు మటుకు వెలిసిపోయి తెల్ల కాగితమైంది. కొన్న షాపుకెళ్తే వాళ్ల కంప్యూటర్‌లో ఉంది, మళ్లీ తీసిచ్చారు.

రెండోది సిమ్. పోయిన నంబర్‌తోనే కొత్త సిమ్ తీసుకోవాలి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. నేను షోరూమ్‌లో సిమ్ తీసుకుని అదే సాయంత్రం ఫారం ముందు కూర్చున్నాను. ఓటీపీ రాదు. మళ్లీ నొక్కాను, రాదు. కొత్తగా ఇచ్చిన సిమ్‌కు 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావని షోరూమ్ కుర్రాడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఈ రూల్ ఎందుకు పెట్టారో తర్వాత తెలిసింది. మన పేరుతో ఎవరైనా దొంగ సిమ్ తీసుకుంటే వెంటనే ఓటీపీలు రాబట్టి ఖాతా ఖాళీ చేయకుండా ఈ ఒక్కరోజు అడ్డం పెట్టారు. మంచి రూలే. అందుకే సిమ్ కోసం మర్నాడు వెళ్దాంలే అనుకోకండి, ఆ 24 గంటల లెక్క ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

మర్నాడు ఓటీపీ వచ్చింది, ఫారం వెళ్లింది, రిక్వెస్ట్ ఐడీ వచ్చింది. ఆ ఐడీని కాగితం మీద రాసి దేవుడి గదిలో పెట్టాను. మరుసటి రోజు స్టేటస్ చూస్తే బ్లాక్ అయిందని ఉంది.

తర్వాత నెలన్నర ఏ కబురూ లేదు. ఎవరో ఒకరు సిమ్ వేయాలి, ఆ సమాచారం స్టేషన్‌కు రావాలి, అక్కడ ఎవరో ఒకరు కూర్చుని ఫోన్ చేయాలి. ఇది పోర్టల్ ఒక్కటే చేసే పని కాదు. 44వ రోజు స్టేషన్ నుంచి కాల్ వచ్చింది. రాయచూర్‌లో ఒక కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. ఐదు వేలు పెట్టాడట, బిల్లు లేదు. పోలీసులు అతనికి ఫోన్ చేసి విషయం చెప్తే కొరియర్‌లో పంపించేశాడు. 47వ రోజు నేను వెళ్లేసరికి టేబుల్ మీద పాతిక ఫోన్ల దాకా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక చీటీ, రబ్బరు బ్యాండు. నా ఫోన్ మూల మీద చిన్న పగులు ఉండేది, దాన్ని చూడగానే గుర్తుపట్టాను. రిజిస్టర్‌లో సంతకం చేయించుకుని ఇచ్చిన కానిస్టేబుల్ మూడుసార్లు ఐఎంఈఐ సరిచూశాడు. ఆయనకు నా నమస్కారం.

ఫోన్ చేతికొచ్చాక మనమే పోర్టల్‌లోకి వెళ్లి పచ్చ బటన్ నొక్కి అన్‌బ్లాక్ చేయాలి. దానికి ఆ రిక్వెస్ట్ ఐడీయే కావాలి. నాకు మర్నాటికల్లా సిగ్నల్ వచ్చింది.

ఫోన్ తిరిగొచ్చింది కానీ అందులో ఉన్నవేవీ రాలేదు. అంతా చెరిపేశారు. మా అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉండేవి. "తిన్నవా బిడ్డా" అని మొదలుపెట్టేది ప్రతిదీ. గూగుల్‌లో 15 జీబీ నిండిపోయిందని బ్యాకప్ ఆపేసిందీ నేనే. ఇందులో పోర్టల్ తప్పు లేదు, అది కాపాడేది ఫోన్‌నే. ఇంట్లో వాళ్ల గొంతులు, ఫొటోలు ఉన్నవాళ్లు దయచేసి ఇవాళే ఇంకోచోట కూడా దాచుకోండి.

ఇంకో రెండు పరిమితులు కూడా తెలుసుకోవాలి. బ్లాక్ అయిన ఫోన్ వైఫై మీద నడుస్తుంది. స్పేర్ పార్టులుగా విప్పి అమ్మినా, దేశం దాటించినా ఈ బ్లాక్ ఏమీ చేయలేదు. కాబట్టి అందరిదీ దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను. మా హాస్పిటల్‌లో ఇంకో సిస్టర్ ఫారం నింపి తొమ్మిది నెలలైంది, ఇంకా కాల్ రాలేదు. అయినా మా ఇద్దరి ఫోన్లతోనూ దొంగలు సిమ్ వేసుకుని మాట్లాడలేకపోయారు. నాకు అదే పెద్ద విషయం. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను.

ఇప్పుడు నా పర్సులో ఒక కాగితం ఉంటుంది. మా ఆయనది, మా అమ్మాయిది, బ్యాంకుది నంబర్లు. పదేళ్లుగా మా అమ్మాయి నంబర్ నాకు నోటికి రాదని ఆ రోజు బస్సులోనే తెలిసింది. ఐఎంఈఐలు ఇంట్లో బీరువా తలుపు లోపల అతికించాను. మీ దగ్గర పెట్టె లేకపోతే ఫోన్‌లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టండి, నంబర్లు తెర మీదకు వస్తాయి.

రాయచూర్ కుర్రాడి ఐదు వేలు నాకు ఇంకా గుర్తొస్తుంటాయి. పోయిన నెల మా అమ్మాయికి సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనాల్సి వచ్చింది. షాపులో డబ్బు తీయకముందే ఆ ఫోన్ ఐఎంఈఐ చూసి, ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 15 అంకెలూ కొట్టి 14422కి మెసేజ్ పెట్టాం. బ్లాక్ అయిన ఫోన్ అయినా, ఆ నంబర్ ఇంకో ఫోన్‌కూ ఉన్నా అందులో తెలిసిపోతుంది. మొదటిదానికి వచ్చిన జవాబులో డూప్లికేట్ అని ఉంది. షాపతనికి చూపించాను. ఏమీ అనకుండా దాన్ని సొరుగులో పెట్టేసి ఇంకోటి తీశాడు. దాని నంబర్ కూడా పంపాం. కంపెనీ, మోడల్ సరిగ్గా వచ్చాయి. అదే తీసుకున్నాం, ఐఎంఈఐతో సహా బిల్లు రాయించుకుని.